రెండు గంటల పని

"రెండు గంటల పనే నాన్నా. పదింటికల్లా అయిపోతుంది. పదకొండున్నరకి కదా మనం అక్కడ ఉండాల్సింది, నిదానంగా వెళ్దాం."

ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి ఈ మాట చెప్పి గది తలుపు వేసుకున్నాను. నేను ఇంట్లోంచే అనువాదాలు చేస్తాను. ఒక యంత్రం వాడకం గురించిన మాన్యువల్‌ని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెస్తున్నాను అప్పుడు. చివరి భాగం మిగిలింది, 900 పదాలు. మళ్లీ తలెత్తి చూసేసరికి గోడ గడియారం పన్నెండు ఇరవై చూపిస్తోంది.

గబగబా బయటికొచ్చాను. నాన్న ముందు గదిలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, కాళ్లకు చెప్పులు, ఒళ్లో కంటి పరీక్షల ఫైలు. ఫైలు జారిపోకుండా దాని మీద రెండు చేతులూ పెట్టుకుని వీధి తలుపు వైపు చూస్తున్నారు. ఎంతసేపటి నుంచి అలా కూర్చున్నారో అడగడానికి నాకు నోరు రాలేదు.

"పిలవచ్చు కదా నాన్నా!"

"తలుపేసుకుని పని చేసుకుంటున్నావు కదమ్మా. అయిపోతే నువ్వే వస్తావనుకున్నా."

నాన్నకు గ్లకోమా ఉంది. ఆ జబ్బులో పోయిన చూపు తిరిగి రాదు, ఉన్న చూపును కాపాడుకోవాల్సిందే. అందుకే కంట్లో ఒత్తిడి ఎలా ఉందో డాక్టర్ చెప్పిన గడువుకి తప్పకుండా చూపించుకోవాలి. మళ్లీ అపాయింట్‌మెంట్ ఐదు వారాల తర్వాతగానీ దొరకలేదు. ఆ ఐదు వారాలూ నాన్న పేపర్‌ని కాస్త దగ్గరగా పెట్టుకుని చదివినా నాకు గుండె జారేది.

రిమైండర్ పెట్టుకోలేదా అని ఎవరైనా అడగొచ్చు. పెట్టుకున్నాను. పదీ నలభై ఐదుకి ఫోన్ మోగింది. ఇంకో పావుగంటలో అయిపోతుందని దాన్ని పక్కకి తోసేశాను. పదకొండింటికి మళ్లీ మోగింది. మళ్లీ తోసేశాను. తర్వాత చాలా రోజులు నేను ఆలోచించింది ఈ సంగతి గురించే. ఫోన్ తన పని తాను సరిగ్గానే చేసింది. అపాయింట్‌మెంట్ ఉందన్న సంగతి నేను మర్చిపోలేదు కూడా. చేతిలో ఉన్న పని ఎంతసేపు పడుతుందో నాకు తెలియలేదు, అంతే. తెలియదన్న సంగతి కూడా తెలియలేదు.

అప్పటికి నేను వాడని యాప్ అంటూ లేదు. చేయాల్సిన పనుల లిస్టుకి ఒకటి, నోట్స్‌కి ఒకటి, కార్డుల్ని ఒక గడిలోంచి ఇంకో గడిలోకి జరుపుకునేది ఇంకొకటి. కొత్తది వేసుకున్న ప్రతిసారీ రెండు నెలలు ఉత్సాహం, ఆ తర్వాత దాన్ని తెరవడానికే బద్ధకం. ఇవన్నీ మంచి యాప్‌లే. కానీ వాటన్నిటిలోనూ నా లిస్టు ఒకేలా ఉండేది. "కరెంటు బిల్లు" ఒక వరుస. "మాన్యువల్ అనువాదం" ఒక వరుస. మొదటిది రెండు నిమిషాల పని, రెండోది నాలుగు రోజుల పని. లిస్టులో మాత్రం రెండూ పక్కపక్కన ఒకే సైజు అక్షరాల్లో కూర్చుని ఉంటాయి. రోజు చివర తొమ్మిది టిక్కులు పెట్టి, అసలైన ఆ పదోదాన్ని మర్నాటికి జరిపేదాన్ని. పని జరిగినట్టే ఉండేది. గడువు మాత్రం మీద పడేది.

ఆ వారమే ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచాను. నాలుగే నిలువు వరుసలు: పని, అనుకున్న టైమ్, పట్టిన టైమ్, ఎందుకు. పని మొదలుపెట్టే ముందే రెండో గడి నింపాలి, పూర్తయ్యాక మూడోది. ముందే రాయడం చాలా ముఖ్యం. పనయ్యాక రాస్తే "నేనూ అంతే అనుకున్నాను" అని మనసు నమ్మించేస్తుంది. ఫోన్‌లో ఉన్న మామూలు స్టాప్‌వాచ్ వాడాను. టైమ్ లెక్కపెట్టే ప్రత్యేకమైన యాప్‌లు బోలెడున్నాయి, అయితే నాకు ఇంకో కొత్త యాప్ నేర్చుకునే ఓపిక లేదు. నాలుగు వారాలు ఇలా రాశాను.

మామూలు భాషలో ఉన్న 1,000 పదాలకి నేను రాసుకున్నది రెండుంబావు గంటలు. పట్టింది మూడున్నర. "ఒక్క మెయిల్‌కి జవాబు" అని 5 నిమిషాలు రాసుకున్న చోట 22 నిమిషాలు పట్టింది. రెండోసారి చదివి దిద్దడానికి అరగంట అనుకుంటే గంటుంబావు. వరసగా చూసుకుంటూ పోతే దాదాపు అన్నీ అలాగే ఉన్నాయి. ఒక్క రకం పనులు మాత్రం తిరగబడ్డాయి. చేసిన పనికి బిల్లు తయారు చేసి పంపడం నాకు ఎప్పుడూ పెద్ద బరువుగా అనిపించేది, వారాల తరబడి వాయిదా వేసేదాన్ని. 45 నిమిషాలు అని రాసుకుని కూర్చుంటే 12 నిమిషాల్లో అయిపోయింది. ఆ 12ని చూసి చాలాసేపు అలాగే ఉండిపోయాను. ఇన్నేళ్లూ నా డబ్బులు ఆలస్యంగా వచ్చింది ఈ పన్నెండు నిమిషాల గురించా?

నాలుగో గడి, "ఎందుకు" అన్నది, మొదట్లో ఊరికే పెట్టాను. తీరా చూస్తే దాని నుంచే ఎక్కువ నేర్చుకున్నాను. ఒక రోజు అందులో ఇలా రాసుంది: "టార్క్, 35 ని." మాన్యువల్‌లో టార్క్ (తిప్పే బలం) అన్న మాటని టార్క్ అనే ఉంచాలా, తెలుగు మాట పెట్టాలా, తెలుగు మాట పెడితే మెకానిక్‌కి అర్థమవుతుందా అని నిఘంటువులూ పాత అనువాదాలూ తిరగేస్తూ అంతసేపు కూర్చున్నానన్నమాట. అందులో తప్పేమీ లేదు, నా పనే అది. కానీ పైకి వెతుక్కుంటూ వెళ్తే, మూడు వారాల కిందట ఇదే మాట గురించి 20 నిమిషాలు కూర్చున్నట్టు రాసి ఉంది. ఒకసారి తేల్చుకున్న మాటని మళ్లీ మొదటి నుంచి తేల్చుకుంటున్నాను! ఆ రోజే ఇంకో షీటు మొదలుపెట్టాను. ఇంగ్లీషు మాట, నేను వాడిన తెలుగు మాట, ఎందుకు వాడానో ఒక ముక్క. ఇప్పుడందులో వెయ్యి దాటాయి. నా చేతిలో ఉన్న అన్ని డిజిటల్ పరికరాల్లోకీ నాకు ఎక్కువ టైమ్ మిగిల్చింది ఈ మాటల పట్టికే. దీన్ని ఏ యాప్ సలహాల్లోనూ నేను చూడలేదు, నా టైమ్ ఎక్కడ పోతోందో రాసుకున్నాకే దొరికింది.

నాలుగు వారాల అంకెలన్నీ కూడి, పట్టిన టైమ్‌ని అనుకున్న టైమ్‌తో భాగిస్తే 1.6 వచ్చింది. అంటే నేను గంట అన్నది ఒక గంటా ముప్పై ఆరు నిమిషాలు. నాన్నతో నేను చెప్పిన "రెండు గంటల పని" నిజానికి మూడు గంటల పన్నెండు నిమిషాల పనైనా అయి ఉండాలి. ఆ రోజు అంతకన్నా ఎక్కువే పట్టింది.

నాలో ఏదో లోపం ఉందేమో అనుకున్నాను. చదివితే తెలిసింది, దీనికి ఒక పేరే ఉందని. డానియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో దీనికి ప్లానింగ్ ఫ్యాలసీ అని పేరు పెట్టారు. ఇలాంటి పనులు ఇంతకు ముందు ఎంతసేపు పట్టాయో తెలిసి కూడా, ఈసారి మాత్రం సాఫీగా అయిపోతుందని మనిషి అనుకుంటాడట. 1994లో రోజర్ బ్యూలర్, ఆయనతో పనిచేసినవాళ్లు యూనివర్సిటీ విద్యార్థుల్ని ఒక ప్రశ్న అడిగారు: మీ చివరి ఏడాది థీసిస్ ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తారు? సగటున 33.9 రోజులు అన్నారు. అన్నీ ఎదురు తిరిగితే ఎన్ని రోజులు పడుతుందని కూడా అడిగితే 48.6 అన్నారు. నిజంగా పట్టింది 55.5 రోజులు. అన్నీ ఎదురు తిరుగుతాయని ఊహించుకుని చెప్పిన లెక్క కూడా సరిపోలేదు. నేను వెంటనే క్యాలిక్యులేటర్ తీసి 55.5ని 33.9తో భాగించాను. 1.6 చిల్లర. నా షీటులో ఉన్న అంకే! ఎప్పుడో, ఎక్కడో థీసిస్ రాసుకున్న పిల్లలు నాకు బాగా తెలిసినవాళ్లలా అనిపించారు.

దీనికి విరుగుడు కూడా ఆ శాస్త్రవేత్తల మాటల్లోనే ఉంది. ఈ పని ఎలా సాగుతుందో ఊహించుకుని చెప్పకూడదు, ఇలాంటి పనులు ఇంతకు ముందు ఎంత పట్టాయో చూసి చెప్పాలి. నా దగ్గర ఇప్పుడు చూడటానికి షీటు ఉంది. పాత వరుసల్లో అలాంటిది వెతికి, ఆ అంకెనే తీసుకోవడం మొదలుపెట్టాను.

ఆ తర్వాతే క్యాలెండర్ నాకు పనికొచ్చింది. లిస్టుని నేను పారేయలేదు, తోచిన పని తోచినప్పుడు అందులోకి వెళ్తుంది. కానీ గంటన్నర దాటే ఏ పనైనా అక్కడే ఉండిపోవడానికి వీల్లేదు. క్యాలెండర్‌లో దానికో గడి ఉండాలి, ఆ గడి పొడవు షీటు చెప్పినంత ఉండాలి. మొదటి వారం అలా గడులు పెడుతూ పోతే బుధవారానికే వారం నిండిపోయింది. ఇంకా ఐదు పనులు బయటే నిలబడి ఉన్నాయి. ఒప్పుకునేటప్పుడు నాకు కనపడనిది ఇదే. ఇద్దరికి ఫోన్ చేసి గడువు జరపమని అడిగాను. వారం మొదట్లోనే అడిగాను కాబట్టి ఇద్దరూ సరే అన్నారు. గడువు రోజు సాయంత్రం అడిగినప్పుడు గొంతులు వేరేగా ఉండేవి.

గడికి పెట్టే పేరు కూడా చూసుకోవాలి. "మాన్యువల్" అని రాస్తే ఆ టైమ్‌కి కూర్చుని, ఎక్కడ మొదలుపెట్టాలా అని పది నిమిషాలు పోతాయి. "మాన్యువల్ 4వ అధ్యాయం, మొదటి ప్రతి" అని రాస్తే చేతులు వాటంతటవే ఫైలు తెరుస్తాయి. ఇలా రాసుకోవడంలో ఇంకో మేలుంది. పూర్తికాని పని బుర్రలో తిరుగుతూ వేరే పనిని చెడగొడుతుంది కదా, ఆ పనిని ఎప్పుడు ఎలా చేస్తామో స్పష్టంగా ప్లాన్ చేసుకుంటే, పని మొదలుపెట్టకముందే ఆ తిరగడం తగ్గుతుందని 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాల్లో తేలింది. నాకైతే రాత్రుళ్లు తేడా తెలిసింది. పడుకున్నాక ఏదైనా గుర్తొస్తే, అది గురువారం పదింటి గడిలో ఉందన్న జవాబు కూడా వెంటనే వచ్చేది. నిద్ర పట్టేది.

బయటికి వెళ్లే పనులకి గడి ఎక్కడ మొదలవ్వాలి అన్నది నేను బాధపడి నేర్చుకున్నది. అపాయింట్‌మెంట్ పదకొండున్నరకి అయితే క్యాలెండర్‌లో పదకొండున్నర అని పెట్టడం తప్పు. నాన్న గడి ఇప్పుడు 10:15కి మొదలవుతుంది: తయారవడం, ఫైలు తీసుకోవడం, ప్రయాణం, అక్కడ చీటీ రాయించుకోవడం అన్నీ కలిపి. దానికి ముందున్న గంట ఖాళీ. అనువాదం ఉండకూడదు. ఎందుకంటే నా చేతిలో పని ఉంటే అలారాన్ని పక్కకి తోసేస్తానని నాకు తెలుసు. కాబట్టి తోసేయడానికి కారణమే లేకుండా చేసుకున్నాను. చిన్న చిన్న పనులు ఉంటే ఆ గంటలో చేస్తాను, బిల్లులు పంపడంలాంటివి.

రోజంతా గడులతో నింపకూడదని కూడా తొందరగానే తెలిసింది. మూడో వంతు వదిలేస్తాను. ఫోన్‌లు వస్తాయి, ఫైలు తెరుచుకోదు, నాన్న కళ్లజోడు కనపడదు. ఆ వదిలేసిన భాగం ఎప్పుడూ మిగల్లేదు ఇప్పటివరకు.

టైమర్ గురించి రెండు మాటలు. ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే ఇటలీ ఆయన 1980ల చివర్లో విద్యార్థిగా ఉన్నప్పుడు టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్ పెట్టుకుని చదివాడు. 25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం. ఆ పద్ధతికి పొమొడోరో అని పేరు, ఇటాలియన్‌లో టమాటా అని అర్థం. చాలామందికి అది ప్రాణం. నాకు 25 నిమిషాలు చాలదు. ఒక వాక్యం తెలుగులో కుదురుకుని, దాని వెనకది ఆ ఊపులో వస్తున్నప్పుడు గంట మోగితే ఆ ఊపు మళ్లీ దొరకడం కష్టం. నేను 50 పెట్టుకుంటాను. విరామంలో ఫోన్ చూడను, లేచి కిటికీ దగ్గరికి వెళ్తాను. ఫోన్ చూస్తే అది విరామం కాదు, ఇంకో పని.

నోటిఫికేషన్లు మాత్రం నిర్దయగా తీసేశాను. ఒక్కో యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపడానికి ఒక సాయంత్రం పట్టింది. మిగిలినవి మూడే: ఫోన్ కాల్స్, క్యాలెండర్, రాత్రి తొమ్మిదింటి అలారం. పని గడిలో ఉన్నప్పుడు డూ నాట్ డిస్టర్బ్ ఆన్ చేస్తాను. అందులో మనం ఎంచుకున్నవాళ్ల కాల్ మాత్రం మోగేలా పెట్టుకోవచ్చు. నాన్న నంబర్, ఆయన డాక్టర్ నంబర్, ఇంకో ఇద్దరివి పెట్టాను. మెయిల్, వాట్సాప్ పన్నెండింటికి ఒకసారి, ఐదింటికి ఒకసారి. మొదట్లో జవాబు ఆలస్యమైతే పని చేజారుతుందేమోనని చాలా టెన్షన్ పడ్డాను. ఒక్కటి కూడా పోలేదు.

అన్నిటికన్నా ముందు చేయాల్సిన ఏర్పాటు ఒకటుంది, దానికి ఫోనే అక్కర్లేదు. "తలుపు వేసి ఉన్నా సరే తట్టండి నాన్నా. పని ఎప్పుడూ ఉంటుంది" అని చెప్పాను. ఒకసారి చెబితే ఆయన తట్టలేదు. మూడు నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడు తడతారు.

తొమ్మిదింటి అలారం ఆయన చుక్కల మందుకి. రెండు రకాల చుక్కలు, ఒకటి వేశాక కనీసం ఐదు నిమిషాలు ఆగి రెండోది వేయాలి. లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. మొదటి చుక్క వేయగానే ఐదు నిమిషాల టైమర్ పెడతాను, నాన్న కళ్లు మూసుకుని కూర్చుంటారు. ఆ ఐదు నిమిషాలు ఇద్దరం మాట్లాడుకుంటాం. అలారం ఆపేది రెండో చుక్క పడ్డాకే. అదొక్క అలారాన్ని నేను ఎప్పుడూ పక్కకి తోయలేదు.

ఫైళ్ల పేర్లు తేదీతో మొదలుపెట్టడం ఎవరైనా ఇవాళే చేసుకోగలిగిన పని. ఏడాది, నెల, రోజు ఆ వరుసలో: 2024-03-07 అని. ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణంలో తేదీ రాసే పద్ధతి ఇదే. పేర్లని అక్షరక్రమంలో పెడితే అవి తేదీల క్రమంలో కూడా వాటంతటవే నిలబడతాయి. నాన్న రిపోర్టులన్నీ స్కాన్ చేసి ఇలా పేర్లు పెట్టాను. డాక్టర్ పోయినసారి ఒత్తిడి ఎంత అని అడిగితే ఫోన్‌లో రెండు క్షణాల్లో తీసి చూపించగలిగాను.

ఐదు వారాల తర్వాత వెళ్లినప్పటి సంగతి అది. ఒత్తిడి అదుపులోనే ఉందన్నారు. బయటికొచ్చాక నాన్న నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతూ, "చూశావా, ఊరికే కంగారు పడ్డావు" అన్నారు. నేనేమీ అనలేకపోయాను. తర్వాతి తేదీని అక్కడే నిలబడి క్యాలెండర్‌లో పెట్టాను, ముందు గంట ఖాళీతో సహా. ఆ క్యాలెండర్ ఆయన ఫోన్‌లోనూ కనపడేలా షేర్ చేశాను, పెద్ద అక్షరాలు పెట్టి. ఆయన గడులు నారింజ రంగు, నావి పచ్చ. పొద్దున్నే చూసుకుని "ఇవాళ పచ్చగా ఉందే, మధ్యాహ్నం దాకా నిన్ను కదిలించకూడదన్నమాట" అంటారు. "కదిలించొచ్చు నాన్నా" అంటాను.

ఆదివారం సాయంత్రం 40 నిమిషాలు కూర్చుని వచ్చే వారం గడులు సర్దుతాను. చాలాసార్లు కుదరదు, అప్పుడు సోమవారం పొద్దున చేస్తాను. ఆ వారం మాత్రం కాస్త తడబాటుగానే ఉంటుంది.

షీటు ఇంకా రాస్తూనే ఉన్నాను. ఇప్పుడు నా అంకె 1.15 దగ్గర ఉంది. రెండోసారి చదివి దిద్దే పనిని మాత్రం ఇప్పటికీ తక్కువే అనుకుంటున్నాను, ముఖ్యంగా చట్టానికి సంబంధించిన కాగితాలైతే. అలాంటివాటికి విడిగా ఒక వరుస పెట్టి చూస్తున్నాను.

పోయిన వారం ఒకాయన ఫోన్ చేశారు. 800 పదాల కాగితం. "రెండు గంటల పనే కదమ్మా, సాయంత్రానికి ఇచ్చేస్తారా?" అన్నారు. ఒక్క నిమిషం ఆగమని షీటు తెరిచి వెతికాను. అలాంటి వరుసలు ఏడు ఉన్నాయి, ఒక్కటీ మూడు గంటలకి తగ్గలేదు. ఆ సాయంత్రం క్యాలెండర్‌లో నారింజ గడి ఉంది.

"రేపు ఒంటిగంటకి ఇస్తానండీ" అన్నాను.

సరేనన్నారు. మర్నాడు పన్నెండూ యాభైకి పంపించాను. షీటులో 418వ వరుస: అనుకున్నది 3:20, పట్టింది 3:35, ఎందుకు అన్న గడిలో "దిద్దడం" అని రాశాను.